పింగ్ వెళ్తోంది, పేజీ తెరుచుకోవడం లేదు: ముందు ఎంటీయూ చూడండి

ఎంటీయూ అంటే ఒక లింక్ మీద ఒకేసారి వెళ్లగలిగే ప్యాకెట్ గరిష్ఠ సైజు.

సమస్య: పింగ్‌కి (అవతలి మెషిన్ అందుతోందా అని చూసే చిన్న ప్యాకెట్) జవాబు వస్తోంది, డీఎన్‌ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) బాగానే ఉంది, చిన్న పేజీలు టక్కున తెరుచుకుంటున్నాయి. కొన్ని సైట్లు మాత్రం అలా తిరుగుతూనే ఉంటాయి. మెయిల్ వెళ్తుంది, అటాచ్‌మెంట్ పెడితే ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న మెషిన్‌లోకి లాగిన్ అవుతారు, పెద్ద ఫైల్ చూపించమనగానే స్క్రీన్ బిగుసుకుపోతుంది.

ఇక్కడ దాదాపు అందరూ డీఎన్‌ఎస్ మార్చి, రౌటర్ రీసెట్ కొట్టి, టికెట్ వేసేస్తారు. దయచేసి ముందు పింగ్ సైజు పెంచి చూడండి. మామూలు పింగ్ విండోస్‌లో 32, లినక్స్‌లో 56 బైట్ల డేటానే పంపుతుంది. దారి ఉందని తెలుస్తుంది గానీ, ఆ దారిలో పెద్ద ప్యాకెట్ పడుతుందో లేదో తెలియదు.

ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి (విండోస్‌లో -f, లినక్స్‌లో -M do) 1472 బైట్లు పంపండి. దానికి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ (పింగ్‌నూ, నెట్‌వర్క్ లోపాల కబుర్లనూ మోసే ప్రోటోకాల్) హెడర్ 8 కలిస్తే 1500. వెళ్లకపోతే తగ్గించుకుంటూ రండి. 1464 వెళ్లి 1465 ఆగితే దారి ఎంటీయూ 1492, అంటే చాలావరకు మధ్యలో పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు లాగిన్‌కి వాడే పద్ధతి, ప్యాకెట్‌లో 8 బైట్లు తింటుంది) ఉన్నట్టే. కొన్ని సర్వర్లు పెద్ద పింగ్‌కి అసలు జవాబివ్వవు, కాబట్టి అవతలి చివర మీ చేతిలో ఉన్న మెషిన్‌తో పరీక్షించండి.

"ముక్కలు చేయాలి" అన్న సందేశం తిరిగి వస్తే వ్యవస్థ సరిగానే ఉంది. ఏ సందేశమూ లేకుండా టైమ్‌అవుట్ అయితే అసలు దొంగ అక్కడే ఉన్నాడు. చిన్న ఎంటీయూ ఉన్న రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, "ఇంత సైజులో పంపు" అని ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 పంపుతుంది. భద్రత కోసమని ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం ఆపేసి ఉంటారు. ఆ కబురు అందక సర్వర్ అదే 1500 బైట్ల ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపు) ప్యాకెట్లు చిన్నవి కాబట్టి కనెక్షన్ కుదురుతుంది, సర్వర్ సర్టిఫికెట్ పంపే దగ్గర ఆగుతుంది. అందుకే ఇది సర్వర్ లోపంలా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. ఐపీవీ6లో ఇంకా ఘోరం: మధ్య రౌటర్లు ముక్కలు చేయనే చేయవు, ఐసీఎంపీవీ6 టైప్ 2 ("ప్యాకెట్ మరీ పెద్దది" అనే సందేశం) ఆపితే సైజు తగ్గించమని పంపేవాడికి చెప్పే వేరే సందేశం లేదు. అందుకే వీ4, వీ6 రెండూ విడివిడిగా చూడండి. వీ6లో పింగ్ సైజు 1452.

పరిష్కారం: ఆ రెండు ఐసీఎంపీ రకాలను ఫైర్‌వాల్‌లో అనుమతించండి. తర్వాత పీపీపీఓఈ లేదా టన్నెల్ ఇంటర్‌ఫేస్‌పై ఎంఎస్‌ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ డేటా) క్లాంపింగ్, అంటే ఆ విలువను రౌటరే తగ్గించి పెట్టడం, ఆన్ చేయండి: 1492 లింక్‌కి వీ4లో 1452, వీ6లో 1432. ఇది టీసీపీకే పనికొస్తుంది, యూడీపీని కాపాడదు. అవతలి ఫైర్‌వాల్ మీ చేతిలో లేకపోతే, లినక్స్ సర్వర్‌లో టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్‌ను (tcp_mtu_probing: పడే సైజును సర్వరే వెతుక్కునే సెట్టింగ్) 1 చేయండి.

మొబైల్ బ్యాక్‌హాల్‌లో (టవర్ నుంచి కోర్ నెట్‌వర్క్‌కి వెళ్లే లింకులు) అయితే ఫోన్ల డేటాను మోసే జీటీపీ టన్నెల్ ఐపీవీ4 మీద కనీసం 36 బైట్లు తింటుంది, ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకా ఎక్కువ. అక్కడ ఫోన్ల వైపు తగ్గించడం కంటే ట్రాన్స్‌పోర్ట్ ఎంటీయూ 1600కి పెంచడమే మేలు, దారిలోని ప్రతి స్విచ్‌లోనూ.

ఈ లక్షణాలకు కేబుల్, ఆప్టిక్, డూప్లెక్స్ (రెండు చివర్ల పంపే-అందుకునే సెట్టింగ్) తేడాలు కారణం కావడం అరుదు. అవైతే ఇంటర్‌ఫేస్ ఎర్రర్ కౌంటర్ పెరుగుతుంది.

మార్చాక పాత సెషన్‌తో పరీక్షించకండి. ఎంఎస్‌ఎస్ కనెక్షన్ మొదట్లోనే ఖరారవుతుంది, కాబట్టి కొత్తది తెరిచి చూడండి.