కాలిపోయిన పొక్లెయిన్ దగ్గర ఏం చూడాలి?

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో అయినా, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనుల్లో అయినా మిషన్ కాలిందంటే పావుగంటలో కారణం తేల్చేస్తారు. "బ్యాటరీ షార్టయిపోనాది బాబూ!" ఒక్కోసారి అదే నిజం కావచ్చు. కానీ పావుగంటలో తేలే సంగతి మాత్రం కాదు.

మంట ఆరాక మిషన్‌ను కడగొద్దు. పక్కకు లాగక తప్పకపోతే ముందు నాలుగు వైపులా, కింద నేలతో సహా ఫొటోలు తీయండి. రాత్రికి కాపలా పెట్టండి. పాత ఇనుము వాళ్ల కంట పడితే మొదట మాయమయ్యేది రాగి తీగ. మనకు కావలసిన సాక్ష్యం సగం దాంట్లోనే ఉంటుంది.

సమస్య: క్యాబిన్ బూడిదైంది, మంట అక్కడే పుట్టిందంటున్నారు

బాగా కాలిన చోటే మంట పుట్టిందని అనుకోకూడదు. సీటు ఫోము, ప్లాస్టిక్, రబ్బరు అన్నీ క్యాబిన్‌లోనే ఉంటాయి కాబట్టి మంట ఎక్కడ మొదలైనా అక్కడికొచ్చి బలుస్తుంది. గాలి ఎటు వీస్తే అటు వైపు ఇంకా ఎక్కువ కాలుతుంది. అందుకే నేను బూడిద కంటే ముందు కరిగిన లోహాన్ని చూస్తాను. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగికి 1085 కావాలి. ఏ భాగం ఏ వైపు నుంచి కరిగిందో చూస్తే వేడి ఎటు నుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది.

తర్వాత ఆపరేటర్‌ను అడగాలి, అదీ ఓనర్ పక్కన లేకుండా. ఒక క్వారీలో బీడీ కాల్చి తగలబెట్టాడని కుర్రాణ్ణి అందరూ తిడుతున్నారు. చెట్టు కింద కూర్చోబెట్టి అడిగితే, "బూమ్ లెగడం నెమ్మదైపోనాది బాబూ, ఎనకాల తెల్లగా పొగ లెగిసింది, దూకేసినాను" అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలు. బూమ్ అంటే బకెట్‌ను ఎత్తే పెద్ద చెయ్యి, అది లేచేది ఆయిల్ ప్రెషర్‌తోనే. అది నెమ్మదించిందంటే ఆయిల్ ప్రెషర్ పోతోందన్నమాట. తెల్లటి పొగ అంటే వేడి మీద పడి ఆవిరవుతున్న ఆయిల్ అయ్యుండాలి.

పంపు నుంచి ఆ ఆయిల్‌ను తీసుకెళ్లే గొట్టం, అదే పంపు హోస్, తీసి చూశాం. రబ్బరు కాలిపోయి లోపలి ఉక్కు తీగల అల్లిక మిగిలింది. ఒక వైపు ఆ తీగలు అరిగి చదునుగా ఉన్నాయి, సరిగ్గా వాటికి ఎదురుగా బ్రాకెట్ మీద రాపిడి గాడి. మంటకు తీగ కాలుతుంది గానీ అలా ఒక పక్కే అరగదు. హోస్‌ను కదలకుండా పట్టి ఉంచే అసలు క్లాంపు ఎప్పుడో ఊడిపోతే ఎవరో కట్టుతీగతో కట్టి వదిలేశారు.

ఈ మిషన్లలో ఆయిల్ ప్రెషర్ 350 బార్ దాకా ఉంటుంది. సూది బెజ్జం పడినా ఆయిల్ తుంపరగా చిమ్ముతుంది. ఇంజిన్ వదిలే వేడి పొగతో తిరిగే టర్బో, లోడు మీదున్నప్పుడు 500 డిగ్రీలు దాటుతుంది. కారిన చుక్క దాని మీద పొగై పోవచ్చు గానీ, తుంపర చటుక్కున అంటుకుంటుంది.

పరిష్కారం: హోస్ రాసుకునే చోట తొడుగు వేయండి, సరైన క్లాంపు బిగించండి, టర్బో మీది వేడి కవచం ఊడదీసి పక్కన పడేయకండి. లీకును చేత్తో మాత్రం వెతకొద్దు, ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

సమస్య: ఇంజిన్ ఆపి భోజనానికి వెళ్లాక మంట లేచింది

వరికోత మిషన్లలో ఇది మరీ ఎక్కువ. ఇంజిన్ ఆపగానే ఫ్యాను కూడా ఆగుతుంది, కాసేపు లోపలి వేడి పెరుగుతుంది. సైలెన్సర్ దగ్గర చేరిన గడ్డి, ధూళి, ఆయిల్ జిడ్డు అప్పుడు రాజుకుంటాయి. ఇంకో కారణం బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి వెళ్లే లావు కేబుల్. చాలా మిషన్లలో దానికి ఫ్యూజు ఉండదు, తాళం తీసినా కరెంటు ఉంటుంది.

ఆపేముందు నాలుగైదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. రోజూ గడ్డి దులపండి. దిగేటప్పుడు బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపండి. భావనపాడు, మూలపేట లాంటి తీరం పనుల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చటి చిలుము పడతాయి. అక్కడ కరెంటు సరిగా పారక వేడెక్కుతుంది, దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

సమస్య: తీగ చివర రాగి గుండు కనిపించింది, షార్ట్ సర్క్యూటేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. గుండు నున్నగా, దాని పక్కనే తీగ కరగకుండా స్పష్టంగా ఉంటే అది షార్ట్ వల్లే. తీగ సాగి, సన్నబడి, చుక్కలుగా కారి ఉంటే మంట వేడికి కరిగింది. అయితే షార్ట్ వల్ల వచ్చిన గుండు కూడా ఆ సమయంలో తీగలో కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. మంటకు పై తొడుగు కాలి తీగ బాడీకి తగిలినా అదే గుండు. ఒకే తీగ మీద రెండు మూడు ఉంటే బ్యాటరీకి దూరంగా ఉన్నదే సాధారణంగా ముందుది. దగ్గరది ముందే తెగి ఉంటే అవతలకి కరెంటే వెళ్లదు కదా.

సమస్య: మంట లేదు, షాఫ్ట్ రెండు ముక్కలైంది

విరిగిన ముఖం చూడండి. కళింగపట్నంలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలినట్టు వంపు గీతలుంటే అది నెలల తరబడి కొంచెం కొంచెంగా పెరిగిన పగులు. గీతలన్నీ ఎక్కడి నుంచి మొదలయ్యాయో అక్కడ తుప్పు గుంటో, పాత వెల్డింగో దొరుకుతుంది. మొత్తం గరుకుగా, గీతలు లేకుండా ఉంటే ఆ రోజు మోయలేని బరువు పడింది. మొదటిదైతే పాత రిపేరు రికార్డులు తీయాలి, రెండోదైతే ఆపరేటర్‌తో మాట్లాడాలి. కొత్త షాఫ్ట్ తేవడం ఆ తర్వాతి పని.

అతుకుతాయేమోనని రెండు ముక్కల్నీ కలిపి చూడకండి, గీతలు చెరిగిపోతాయి. వైర్ బ్రష్ అసలే వద్దు. పలచగా ఆయిల్ రాసి, ఏది ఏ వైపుదో చీటీ కట్టి, విడివిడిగా గుడ్డలో చుట్టి దాచండి. ఇన్సూరెన్సు సర్వేయర్ చూసి వెళ్లేదాకా కిలో లెక్కన అమ్మొద్దు.