ఇంటికి జనరేటర్ పెట్టించాలంటే: ఎవరికి చెప్పాలి, ఏ కాగితాలు ఇవ్వాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ల ట్యాంకు నింపుకోవడానికి అపార్ట్‌మెంట్ల వాళ్లు అద్దె జనరేటర్ల కోసం తిరిగారు. అలాంటి రోజులు చూసినవాళ్లు సొంతంగా ఒకటి ఉండాలనుకోవడం సహజమే. కొనడం పెద్ద పని కాదు. దాన్ని ఇంటి వైరింగ్‌కు కలపాలంటే మాత్రం కరెంటు ఆఫీసుకు, కొన్నిసార్లు విద్యుత్ భద్రత చూసే ప్రభుత్వ అధికారి అయిన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా చెప్పాలి, ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

మన ఇంట్లో మన జనరేటర్ పెట్టుకోవడానికి వాళ్ల అనుమతి ఎందుకు అని చాలామంది అడుగుతారు. మెయిన్ ఆపకుండా జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో పెట్టేస్తే ఆ కరెంటు మీ ఇంట్లో ఆగదు, మీటర్ దాటి వీధిలోకి పోతుంది, 11 వేల వోల్టులను మన ఇళ్లకు సరిపోయేలా తగ్గించే అదే ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు మీ 230ని తిరిగి వేల వోల్టులకు పెంచుతుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపారన్న అనుమతి) తీసుకుని, లైన్లో కరెంటు లేదనే నమ్మకంతో పోల్ ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. దరఖాస్తులో అడిగే ప్రతి కాగితం వెనకా ఉన్న భయం ఇదే.

ముందు లోడ్ లెక్క, అంటే జనరేటర్ మీద ఏవేవి నడపాలో, అవి ఎన్ని వాట్లో రాసుకోండి. ఒక హెచ్‌పీ బోరు మోటారు నడిచేటప్పుడు 750 వాట్ల దరిదాపుల్లో తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్ మాత్రమే లెక్కేసి చిన్నది కొంటే మోటారు దగ్గర ఆగిపోతుంది.

తర్వాత లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ను పెట్టుకోండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు, ఎందుకంటే సింగిల్ లైన్ డయాగ్రమ్ (కనెక్షన్లు ఎలా కలుస్తాయో చూపే గీత బొమ్మ), పని పూర్తయ్యాక టెస్ట్ రిపోర్టు ఆయన సంతకంతోనే చెల్లుతాయి. మీ ప్రాంతపు కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పేరు మీద ఒక లెటర్ రాయండి: సర్వీస్ నంబర్, జనరేటర్ మేక్, సీరియల్ నంబర్, కెపాసిటీ (కేవీఏల్లో), ఎక్కడ పెడుతున్నారు, బయటి కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ ఎలాంటిది వాడుతున్నారు. దాంతోపాటు తాజా కరెంటు బిల్లు, జనరేటర్ ఇన్వాయిస్, డయాగ్రమ్, కాంట్రాక్టర్ లైసెన్స్ కాపీ జత చేయండి. అదే సెట్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకూ ఇవ్వండి. నడపాలనుకున్న తేదీకి కనీసం నెల ముందే ఇవ్వడం మంచిది. రెండు చోట్లా మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు.

ప్రభుత్వం నోటిఫై చేసిన కెపాసిటీ దాటిన జనరేటర్ అయితే చెప్పడంతో సరిపోదు, ఇన్‌స్పెక్షన్ అయ్యి రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే నడపాలి. మీది ఆ పరిధిలోకి వస్తుందో లేదో కొనకముందే ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడగండి, ఫీజు ఎంతో, ఎలా కట్టాలో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇన్‌స్పెక్షన్‌లో ముందు చూసేది చేంజోవర్ స్విచ్. అది వీధి లైను కరెంటు, జనరేటర్ కరెంటు ఎప్పుడూ కలవకుండా చేయాలి, ఫేజుతోపాటు న్యూట్రల్‌నూ విడదీయాలి, అంటే సింగిల్ ఫేజుకు రెండు పోల్స్ (స్విచ్ ఒకేసారి విడదీసే వైర్ల సంఖ్య), త్రీఫేజుకు నాలుగు. రెండు మామూలు ఎంసీబీ స్విచ్‌లు పక్కపక్కన పెట్టి "గుర్తుపెట్టుకుని మారుద్దాంలే" అనే ఎలక్ట్రీషియన్‌ను మాత్రం మార్చేయండి. తర్వాత ఎర్తింగ్. జనరేటర్ బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలి, ఇంటి పాత ఎర్త్ పిట్‌కే వైరు తగిలించి సరిపెట్టవద్దు.

డీజిల్ జనరేటర్ శబ్దం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు, ఆ మేరకు సర్టిఫికెట్ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకుని కాపీ ఫైల్లో పెట్టండి. పెట్టే చోటు విషయంలో అసలు రాజీ వద్దు. బాల్కనీ, మెట్ల కింద, సెల్లార్, తలుపు తీసి ఉంచిన గ్యారేజీ, ఇవేవీ పనికిరావు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. చిన్న పోర్టబుల్ అయినా కిటికీలకు 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి. ఇంజిన్ చల్లారాకే డీజిల్ పోయండి.

మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి కాగితాల పని ఆగస్టులోనే మొదలుపెట్టండి.