సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇంజన్ కాదు

పాత కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది ముందు బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వింటారు. ఇంజన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. క్లచ్ పోతే వేయించుకోవచ్చు, ఇంజెక్టర్లు మార్పించుకోవచ్చు, మరీ అయితే ఇంజన్ విప్పి కట్టించుకోవచ్చు. ఎంతవుతుందో కాస్త తెలిసిన ఏ షెడ్డులో అడిగినా చెప్తారు. డబ్బు పెట్టినా చక్కబడనివి రెండే: చిక్కుపడ్డ కాగితాలు, దెబ్బతిన్న బాడీ. చూసే వరుస కూడా అదే. ముందు కాగితాలు, తర్వాత బాడీ, ఆఖర్న ఇంజన్.

కారు దగ్గరికి వెళ్లకముందే నంబరు అడిగి తీసుకోండి. పరివాహన్ సైట్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ చలాన్లు కూడా చూడండి. లోన్ తీరిపోయిందని నోటిమాటగా చెప్తే సరిపోదు. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికి రావాలి. అవి లేకపోతే ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) అలాగే ఉండిపోతుంది, బండి మీ పేరు మీదికి మారదు.

ఆర్సీలో పేరున్న మనిషి ఎదురుగా ఉంటేనే బేరం మొదలుపెట్టండి. పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, ఫారం 30 మొదటి ఓనరు సంతకంతో ఖాళీగా చేతులు మారుతూ బండి మూడో మనిషి దగ్గరికి చేరడం మామూలే. మధ్యలో యాక్సిడెంట్ జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న ఓనరు మీద పడుతుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కాబట్టి పేరు మారడం అమ్మేవాళ్లకీ అవసరమే, ఆ మాట వాళ్లకి చెప్పండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి ఆర్టీఏ అనుమతి పత్రం ఉండాలి. బండి వాళ్లకి అప్పగించినట్టు ఫారం 29సీ పెడితే, అమ్ముడయ్యేదాకా డీలరునే ఓనరుగా లెక్కిస్తారు. షోరూం ఎంత పెద్దదైనా ఆ అనుమతి పత్రం చూపించమని అడగండి.

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త పెయింట్ కనిపిస్తే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద నిబంధనలు వచ్చినప్పటి నుంచి అక్కడి బండ్లు తక్కువ ధరకి మన వైపు వస్తున్నాయి. ధర చూసి ఆగిపోకుండా పూర్తి లెక్క వేయండి. ఫారం 28 మీద అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, బండిని ఇక్కడిదాకా తేవాలి. ఇవన్నీ కలిపాక చాలా బండ్లలో మిగిలే తేడా చిన్నదే. పైగా ఆ బండి సర్వీసు చరిత్ర తెలిసిన మెకానిక్ ఎవరూ ఇక్కడ ఉండరు.

ఇక బాడీ. పొద్దున్నపూట, ఎండలో, తడి లేకుండా ఉన్నప్పుడు చూడండి. నీళ్లు చల్లిన బండి మీద సొట్టలు, పెయింట్ తేడాలు కనిపించవు. ముందు నుంచి వెనక్కి పక్కవాటుగా చూస్తే డోర్లకీ ఫెండర్లకీ మధ్య సందు ఒకేలా ఉండాలి. బానెట్, ఫెండర్, డోర్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందంటే వాటిని ఎప్పుడో విప్పారు. అంతమాత్రాన కంగారు పడనక్కర్లేదు. బంపర్, ఫెండర్, డోర్, బానెట్ బోల్టులతో బిగించే భాగాలు, మన ట్రాఫిక్‌లో గీతలు పడకుండా ఏ బండీ ఉండదు. వెల్డింగ్‌తో అతికిన భాగాల విషయంలోనే పట్టుదలగా ఉండాలి: బానెట్ కింద అటూ ఇటూ ఉండే ఆప్రాన్లు, ముందుకి సాగే ఛాసిస్ రైళ్లు, డోర్ల మధ్య పిల్లర్లు, డిక్కీ అడుగు. డోర్ రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుంటలు గుండ్రంగా, వరుసలో, దాదాపు సమాన దూరంలో ఉంటాయి. మళ్లీ అతికించిన చోట అవి గరుగ్గా ఉంటాయి, లేదా లప్పం కింద మాయమై ఉంటాయి. పిల్లర్ కోసి అతికించిన బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. గుద్దుకున్నప్పుడు దెబ్బకి వంగకుండా నిలబడి లోపలి మనుషుల్ని కాపాడాల్సిన భాగం అది. వంగి సరిచేసిన ముందు రైలు ఉన్న బండికి అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవకపోవచ్చు, టైర్లు ఒక పక్కే అరిగిపోవచ్చు.

పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే వాడండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. 200 దాటితే మళ్లీ పెయింట్ పడింది, 400 దాటితే కింద లప్పం ఉందనుకోవచ్చు. మీటర్ లేకపోతే చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి పెట్టి చూడండి, లప్పం మందంగా ఉన్నచోట సరిగా అంటుకోదు. అద్దాల మూలన ఉండే కంపెనీ గుర్తు, తయారీ కోడ్ చూడండి. ఒక్క అద్దం మాత్రం వేరేదైతే ఎందుకు మార్చారో అడగాలి.

వరదల్లో మునిగిన బండి ఇంకో పెద్ద ప్రమాదం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, సీట్లు మార్చి, వేరే ఊళ్లో అమ్మకానికి పెడతారు. నడిపితే తేడా తెలియదు. నెలలు గడిచాక వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా తుప్పు పట్టి ఒకరోజు పవర్ విండో, ఒకరోజు ఏబీఎస్, ఒకరోజు స్టార్టింగ్ మొరాయిస్తాయి. ఏ ఒక్కటి మార్చినా ఆగదు. సీట్ బెల్టులు చివరిదాకా లాగి చూడండి, కడిగినవాళ్లు సాధారణంగా అంత లోపలికి పోరు, బురద చార అక్కడే ఉండిపోతుంది. సీటు కింది పట్టాలు, స్టెప్నీ గుంత, కార్పెట్ కింది ఫోమ్, ఫ్యూజ్ బాక్స్ లోపలి మూలలు చూడండి. లోపల పెర్ఫ్యూమ్ వాసన మరీ గుప్పుమంటుంటే అద్దాలన్నీ ఎక్కించి ఓ పదినిమిషాలు కూర్చోండి, ముక్కవాసన తెలిసిపోతుంది.

మీటర్ తిప్పడం చాలా సులువు, అందుకని కిలోమీటర్ల అంకెని ఒంటరిగా నమ్మకండి. అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఓనరు చేత అడిగిస్తే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకి సర్వీసు అయిందో ప్రింట్ ఇస్తారు. 40 వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి బ్రేక్ పెడల్ రబ్బరు నున్నబడి, స్టీరింగ్ మెరుస్తుంటే లెక్క కుదరదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లు గాడి ఎంత ఉన్నా మార్చాల్సినవే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ఇప్పుడు ఇంజన్. మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి పెట్టారంటే చల్లటి ఇంజన్‌లో తెలిసేదేదో దాస్తున్నారని అనుమానించండి, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుండవచ్చు, హెడ్ గాస్కెట్ అనుమానించాలి. డీజిల్‌లో నల్లపొగ వస్తే ఇంజెక్టర్లు, టర్బో చూపించాలి. ఇంజన్ ఆఫ్‌లో ఆయిల్ మూత తీసి చూడండి, అడుగున మజ్జిగలాంటి నురగ ఉందంటే నీళ్లు కలుస్తుండవచ్చు. తాళం ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని తీసేసి ఉండొచ్చు, ఎయిర్‌బ్యాగ్ పేలిన బండి కావచ్చు.

నడిపేటప్పుడు పాటలు కట్టేసి, కనీసం పది కిలోమీటర్లు, కొంత గతుకుల రోడ్డు మీద కూడా నడపండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర టకటకమంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, బుష్‌లు అరిగి ఉండొచ్చు, అది పెద్ద ఖర్చు కాదు. బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణికితే డిస్కులు వంకర పోయాయి. క్లచ్ తెలుసుకోవడానికి ఖాళీ చోట హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేర్లో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతుంటే ప్లేట్ అయిపోయింది. ఏసీ పావుగంట పెట్టి చూడండి. కూలింగ్ కాయిల్ లీకైతే చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ విప్పాలి, కూలీయే ఎక్కువ పడుతుంది.

ఇంత జాగ్రత్త పడితే పాత కారులో ఉన్న సుఖం నిజంగా అనుభవించొచ్చు. ఇన్సూరెన్స్ లెక్కలోనే నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపున్న బండికి 50 శాతం తరుగు వేస్తారు, ఆ నష్టం మొదటి ఓనరు భరించేశాడు. కొత్త చిన్న కారు బేస్ మోడల్ డబ్బుకి ఆరు ఎయిర్‌బ్యాగుల టాప్ మోడల్ దొరకొచ్చు. ఇప్పుడు షోరూంలో దొరకని మంచి బండ్లు కూడా దొరుకుతాయి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించినా, ఆ కార్ల స్టీరింగ్, రోడ్డు మీద పట్టు ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ వాటినే వెతుక్కుంటారు. అలాంటి బండి కొనేముందు మీ ఊళ్లో స్పేర్లు, తెలిసిన మెకానిక్ ఉన్నారో లేదో చూసుకోండి. రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్లి వచ్చేవాళ్లు బీఎస్6 డీజిల్ జోలికి పోవద్దు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో ఆ మసి కాలాలంటే హైవే మీద ఆగకుండా నడవాలి, చిన్న దూరాల్లో అది మూసుకుపోతుంది.

మీ బడ్జెట్‌లో పది నుంచి పదిహేను శాతం పక్కన ఉంచుకుని, మిగతాదాంట్లో కొనండి. కొన్న వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే అదీ మార్చాలి, తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

బండి చేతికొచ్చిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, పాత చలాన్ల తగాదా రాదు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లో, ఆర్సీలో పేరు బదిలీకి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషిది, బండిది కాదు. పాత ఓనరు దాన్ని తన కొత్త కారుకి తీసుకుపోతాడు, మీరు ఆ తేడా కట్టాలి. రెండో తాళం తీసుకోండి. పాత ఫాస్టాగ్ ఆయన చేతే మూయించి, మీ పేరున కొత్తది వేయించుకోండి.