అనంతగిరి నడకకు పెద్దవాళ్లతో వెళ్తుంటే

వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఒక చిక్కుంది. గుడి వైపు నుంచి అడవిలోకి దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కాల్సింది మాత్రం అలసిపోయాక. అందుకే 20 నిమిషాలు దిగితే వెనక్కి రావడానికి 35 నిమిషాలు లెక్కేసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే 10 నిమిషాలకే తిరిగిపోవడం మేలు.

దిగేముందు మడమను బూటు వెనక్కి ఆనించి, లేసులు పై రంధ్రం దాకా బిగించాలి. వదులుగా ఉంటే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. ఎర్రమట్టి మీద సన్న గులకరాళ్లున్న చోట మడమ మోపితే జర్రున జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, పొట్టి అడుగులతో పాదమంతా ఆనించండి. చేతికర్ర కింది మెట్టుకు అందేంత పొడుగుండాలి. తినేవి బ్యాగులోనే పెట్టండి, చేతిలో కవరు కనిపిస్తే కోతులు లాగేస్తాయి, ఆ కంగారులోనే పెద్దవాళ్లు పడిపోతారు.