మునగ గింజల పూతతో ఇసుక ఫిల్టర్ ఎలా చేయాలి?

కాలవలోకి ఎర్రనీళ్ళు వచ్చాయంటే మా కోనసీమలో ఆర్వో మెంబ్రేన్లు (నీళ్ళ మెషిన్లో ఉండే వడపోత పొరలు) బురద పట్టి వరసపెట్టి మూలపడతాయి, అందరూ మెషిన్ని తిట్టేవాళ్ళేగానీ దానికి ముందే బురద ఆపే ఏర్పాటు ఒక్కళ్ళూ చేసుకోరు.

రెండు బకెట్లు (ఒకదానికి అడుగున కుళాయి), నూలు పంచె ముక్క, గోదావరి ఇసుక, చెట్టు మీదే ఎండిపోయిన మునక్కాయల గింజలు, అంతే. కూరలోకి కోసే లేత కాయలు పనికిరావు. ఇసుక జల్లించి బాగా కడగండి. అంతర్వేది బీచ్ ఇసుక తేకండి బాబూ, ఉప్పుంటే పూత సరిగ్గా పట్టదు.

గింజల పొట్టు తీసి లోపలి తెల్ల పప్పు రోట్లో దంచండి. మిక్సీ వద్దు, రోలే. ఆ పొడి మంచినీళ్ళలో ఐదు నిమిషాలు కలిపి, పంచెలో వడకట్టి, పాలలా ఉన్న ఆ నీళ్ళని ఇసుకలో పోసి పది నిమిషాలు చేత్తో కలియబెట్టి వంచేయండి. గింజలోని ప్రొటీన్‌కి ప్లస్ చార్జ్, ఇసుకకి మైనస్, అందుకే అతుక్కుపోద్ది, తర్వాత వచ్చే బురదకీ బ్యాక్టీరియాకీ కూడా మైనస్సే కాబట్టి అవొచ్చి దీనికి చిక్కుకుంటాయి. 2012లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పేపర్ వేసింది కూడా ఈ పద్ధతి మీదే.

ఇప్పుడు అసలు పని, పూత పట్టిన ఇసుకని కడగడం. నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే. గింజలో మనకి కావలసిన ప్రొటీన్ ఒక్కటే కాదు, నూనె, పిండి, ఇంకా చాలా ఉంటాయి, అవి ఇసుకలో మిగిలితే కుళ్ళి నీళ్ళు కంపు కొడతాయి, పైగా క్రిములకి అదే మేత, ఆ జిడ్డు మెంబ్రేన్‌కి వెళ్తే బురద కన్నా ఘోరం. వీడియోలు చూసి పొడి నేరుగా బిందెలో పోసేవాళ్ళ గోల కూడా ఇదే, మొదటిరోజు నీళ్ళు అద్దంలా ఉంటాయి, మర్నాడు మూత తీయలేం.

పటిక మేలు కదా అంటారు. నిజమే, తేరుస్తుంది, కానీ మనోళ్ళు వేసేది కంటి అంచనాతో, ఎక్కువైతే నీళ్ళు పులిసి అల్యూమినియం మిగులుద్ది. ఇక్కడ పూత ఇసుకనే అంటిపెట్టుకునుంటది.

సరే, కడిగేటప్పుడు మంచినీళ్ళే వాడండి, ఉప్పు బోరు నీళ్ళు పోస్తే పూత ఊడిపోద్ది. నురగ పోయిందని ఆపేయకండి. చివరిసారి కడిగిన నీళ్ళు ఒక గాజు సీసాలో పట్టి మూత బిగించి రాత్రంతా ఉంచండి, పొద్దున్నే మూత తీసి ముక్కు దగ్గర పెట్టండి. పచ్చి పప్పు వాసన ఏ కాస్త తగిలినా మళ్ళీ కడగాల్సిందే, మొహమాటం లేదు.

వాసన లేకపోతే ఆ ఇసుక కుళాయి బకెట్లో, అడుగున గుడ్డ వేసి నింపేయండి. వరద నీళ్ళని ముందు బిందెలో తేరనిచ్చి పైనుంచి సన్నగా పోయండి. ఇది ఉప్పునీ పురుగుమందుల్నీ తీయదు, మరిగించినా అవి పోవు. క్రిములు చావడానికి మాత్రం ఆర్వో లేనివాళ్ళు మరిగించే తాగాలి. వచ్చే నీళ్ళు మసకబారితే చిక్కటి ఉప్పునీళ్ళతో పాత పూత కడిగేసి, ఆ ఉప్పు పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ పూత వేసుకోండి.