పాత బ్యాండ్ కొత్త ఆల్బమ్ నచ్చలేదా? తప్పు ఎక్కడుందో ఇలా తేల్చుకోండి

పదిహేనేళ్ళుగా వింటున్న రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ శుక్రవారం వచ్చింది. బెంగళూరు మారతహళ్ళిలో క్యాబ్ ఎక్కి పెట్టుకున్నారు, సిల్క్ బోర్డ్ చేరేసరికి 'వీళ్ళ పని అయిపోయింది' అని తేల్చేశారు. తీర్పు నిజమే కావచ్చు. కానీ తేడా మూడు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు: మీరు విన్న తీరులో, మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు పాట ఫైల్‌కి పెట్టే చివరి మెరుగు), లేదా పాటలోనే. ఈ వరసలోనే చూడండి. మొదటిది పది నిమిషాల్లో తేలిపోతుంది, చివరిదానికి వారం కావాలి.

ముందు చెవి దగ్గర

ఇయర్‌బడ్స్ వాడేవాళ్ళు మొదట చూడాల్సింది రబ్బరు టిప్. బేస్ గిటార్ బాగా వినపడే పాత పాట ఒకటి పెట్టి, రెండు బడ్స్‌నీ వేలితో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే టిప్ చెవిని సరిగ్గా మూయడం లేదన్నమాట. డబ్బాలో వచ్చిన వాటిలో ఒక సైజు పెద్దది వేయండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. బడ్ మూతి దగ్గరున్న జాలీకి గుబిలి పట్టినా తేడా వస్తుంది: ట్రెబుల్ తగ్గి సింబల్స్ (డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళేలు) మసకబారతాయి. జాలీ కిందివైపు ఉండేలా పట్టుకుని పొడి టూత్‌బ్రష్‌తో దులపండి, తడి గుడ్డ పెట్టకండి.

ఐటీ వాళ్ళకి తగిలే మోసం ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ హెడ్‌సెట్ తగిలించి పాటలు వింటుంటారు, వెనక మీటింగ్ యాప్ తెరిచే ఉంటుంది. ఆ యాప్ హెడ్‌సెట్ మైక్‌ని పట్టుకుందంటే చాలా హెడ్‌సెట్లు కాల్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. అప్పుడు స్టీరియో పోయి మోనో వస్తుంది, 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. గిటార్లు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని పెట్టి, హెడ్‌సెట్‌ని అవుట్‌పుట్‌కి మాత్రమే ఉంచండి. మీటింగ్ యాప్‌ని పూర్తిగా మూసేస్తే ఇంకా మంచిది.

ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ లాంటివి ఆపేయండి. యాపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ 'ఆటోమేటిక్' మీద ఉంటే మీకు వినిపిస్తున్నది స్టీరియో మిక్స్ కాకపోవచ్చు. అట్మాస్‌ది శబ్దాన్ని చుట్టూ పరిచే వేరే మిక్స్, గిటార్లు వెనక్కీ పక్కలకీ చెదిరిపోతాయి. పోల్చి చూసేంతవరకు ఆఫ్ చేయండి. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్ ఆన్‌లోనే ఉంచి, లెవల్ 'నార్మల్' పెట్టండి. అప్పుడు పాత ఆల్బమ్, కొత్త ఆల్బమ్ రెండూ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే గట్టితనాన్ని కొలిచే యూనిట్) దగ్గర, అంటే చెవికి దాదాపు ఒకే గట్టిగా వినిపిస్తాయి. ఇది లేకుండా పోల్చడం దండగ. ఒక డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి దాన్నే 'బాగుంది' అంటుంది.

క్యాబ్‌లో, బస్సులో విని తీర్పు మాత్రం చెప్పొద్దు. ఇంజిన్ గుర్రు, టైర్ల రొద తక్కువ ఫ్రీక్వెన్సీలోనే ఉంటాయి. బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉండేదీ అక్కడే, కాబట్టి అవి ఆ రొదలో మునిగిపోతాయి. అవి వినపడాలని మీరు వాల్యూమ్ పెంచుతారు, ఇరవై నిమిషాల్లో సింబల్స్ చెవిని కోసేస్తాయి. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు సద్దుమణిగాక గదిలో వినండి. ముందు బాగా తెలిసిన పాత పాటతో వాల్యూమ్ సరిచేసుకుని, ఇక దాన్ని ముట్టుకోకండి.

మాస్టరింగ్‌ని పట్టుకోవడం

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే 'పాటలు బాగానే ఉన్నాయి కానీ రెండోసారి వినబుద్ధి కావడం లేదు' అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడినుంచే పుడుతుంది. పాట గట్టిగా వినిపించాలని, శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్‌తో చిన్న శబ్దాలని పైకి లేపి, పెద్ద శబ్దాల తలలు నరికేస్తారు. స్నేర్ డ్రమ్ దెబ్బకీ దాని వెనకున్న గిటార్‌కీ ఎత్తులో తేడా పోతుంది. దెబ్బ తగలాల్సిన చోట తగలదు, చెవి మాత్రం అలిసిపోతుంది.

దీనికి పాఠంలాంటిది అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా 2008 ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌కి కూడా వచ్చాయి. గేమ్‌కి వెళ్ళినవి ఇలా నలిపిన ఫైళ్ళు కాకపోవడంతో అందులో డ్రమ్స్ విడిగా, శుభ్రంగా వినిపించాయి. సీడీకి డైనమిక్ రేంజ్ మీటర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాని కొలిచేది) పెడితే వచ్చే అంకె 3; అంకె ఎంత తక్కువైతే అంత నలిగినట్టు. మాస్టరింగ్ ఇంజినీర్ టెడ్ జెన్సన్ మిక్స్ తన దగ్గరికి వచ్చేసరికే అలా ఉందని చెప్పాడు. వాయింపులో తేడా లేదు, తేడా అంతా ఫైల్‌లోనే.

మీ ఆల్బమ్‌ని మీరే చూసుకోవచ్చు. కొన్న ఫ్లాక్ ఫైల్ (నాణ్యత తగ్గించని డౌన్‌లోడ్) గానీ, సీడీ నుంచి తీసుకున్న వేవ్ ఫైల్ గానీ కావాలి. ఎంపీ3 పనికిరాదు: డీకోడ్ అయ్యేటప్పుడు దాని శిఖరాలు హద్దు దాటుతాయి, లేని క్లిప్పింగ్ (శిఖరాలు తెగిపోవడం) ఉన్నట్టు కనిపిస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితమే. మీకు బాగా ఇష్టమైన పాత పాట ఒకటి, కొత్తది ఒకటి ఒకే ప్రాజెక్టులోకి ఇంపోర్ట్ చేయండి. పాతదాని వేవ్‌ఫామ్‌లో (తెర మీద కనిపించే శబ్దం బొమ్మ) ముళ్ళు లేచి కనిపిస్తాయి. నలిగినదైతే ఇటుకలా నున్నగా ఉంటుంది. వ్యూ మెనూలో క్లిప్పింగ్ చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే తెగిన చోట్ల ఎర్ర గీతలు పడతాయి. అక్కడక్కడా ఒకటీ అరా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, ప్రతి స్నేర్ దెబ్బకీ పడుతుంటే సంగతి తెలిసిపోయినట్టే. గీతలు లేవని నిశ్చింతగానూ ఉండొద్దు. తలలు నరికాక మొత్తాన్ని అర డెసిబెల్ కిందికి దింపేస్తే ఎర్ర గీత పడదు. బాగా జూమ్ చేసి శిఖరం బల్లపరుపుగా ఉందేమో చూడాలి.

తర్వాత రెండు ట్రాకులనీ ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి మైనస్ 18 ఎల్‌యూఎఫ్ఎస్ ఇవ్వండి. సోలో బటన్‌తో ఒకటి మార్చి ఒకటి వినండి. గట్టితనం సమానమయ్యాక కూడా కొత్తదే బాగుంటే మాస్టరింగ్‌ని వదిలేయండి. అది చప్పగా, మూట కట్టినట్టుంటే దొంగ దొరికినట్టే.

దొరికాక ఏం చేయాలి? నరికిన తలలు వాల్యూమ్ తగ్గిస్తే తిరిగి రావు. పైన ఆపేయమన్న అట్మాస్ మిక్స్‌ని ఇప్పుడు ఆన్ చేసి చూడండి. దాని డెలివరీ నిబంధన మైనస్ 18 ఎల్‌యూఎఫ్ఎస్ దాటొద్దంటుంది కాబట్టి అంతలా నలపాల్సిన పని లేదు. ఎల్‌పీ రికార్డులో బాగుంటుందని ఎగబడి కొనకండి. చాలా ఎల్‌పీలు డిజిటల్‌కి చేసిన మాస్టర్ నుంచే వస్తాయి. ఎల్‌పీ రికార్డింగ్‌కి మీటర్ ఎక్కువ అంకె చూపించినా నమ్మొద్దు, గాడిలో సూది నడిచే తీరుకే శిఖరాల ఆకారం మారి ఆ అంకె పెరుగుతుంది. ఒక్కోసారి బ్యాండే దిద్దుకుంటుంది: కెనడా బ్యాండ్ రష్ 2002లో విడుదల చేసిన వేపర్ ట్రెయిల్స్‌ని 2013లో మళ్ళీ మిక్స్ చేయించి తెచ్చింది. పదకొండేళ్ళు ఆగే ఓపిక ఉండాలి, అంతే.

ఇక పాటే మిగిలితే

కొన్ని తప్పులు పొరపాట్లు కావు, నిర్ణయాలు. మెటాలికా 2003 ఆల్బమ్ సెయింట్ ఆంగర్‌లో స్నేర్ కింది తీగలు వదిలేసి వాయించారు, అందుకే ఆ డ్రమ్ ఖాళీ గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు మోగుతుంది. గిటార్ సోలోలూ లేవు. దీన్ని ఏ సెట్టింగూ మార్చదు. నచ్చితే నచ్చినట్టు, లేకపోతే లేదు.

అంతకంటే ఎక్కువమందిని ముంచేది నిడివి. ఎల్‌పీకి ఒక్కో వైపు సుమారు ఇరవై రెండు నిమిషాలు దాటితే శబ్దం పలచబడేది, అందుకని బ్యాండ్లు గట్టిగా ఏరేవి. సీడీ వచ్చాక ఆ గోడ పోయింది. మెటాలికాదే 1984 నాటి రైడ్ ద లైట్నింగ్ ఎనిమిది పాటలు, 47 నిమిషాలు. 2023 నాటి 72 సీజన్స్ పన్నెండు పాటలు, 77 నిమిషాలు. ఆ అరగంట మీద బ్యాండ్‌కి ఎంత ప్రేమ ఉన్నా వినేవాడికి ఆవలింతలే.

కాబట్టి కత్తెర మీరే పట్టండి. మొదటి రోజు ఆల్బమ్ మొత్తం వినండి, ఫోన్ పక్కన పెట్టి. మర్నాడు పొద్దున ఏదీ పెట్టకుండా, ట్రాకుల పేర్లు చూసి ఏ రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) కూనిరాగం తీయగలరో రాసుకోండి. రెండు రోజులు ఆగి ఇంకోసారి వినండి, ఈసారి సాహిత్యం చూస్తూ. ఆరో రోజు వరసలో కాకుండా వెనక నుంచి ముందుకు వినండి. దీర్ఘమైన ఆల్బమ్‌లో చివరి పాటలకి అలిసిపోయిన చెవే దక్కుతుంది, అది వాటి తప్పు కాదు. మూడుసార్లలో ఒక్కసారీ గుర్తులేని పాటలు తీసేసి, మిగిలినవాటితో 45 నిమిషాల ప్లేలిస్ట్ చేయండి. రెండు నెమ్మది పాటలు పక్కపక్కన రాకుండా చూసుకోండి.

దాన్ని దేనితో పోల్చాలి? ఆ బ్యాండ్ గొప్ప ఆల్బమ్‌లోని గొప్ప పాటతో మాత్రం కాదు. ఆ పాటని మీరు వందలసార్లు విన్నారు, పదిహేడేళ్ళప్పుడు విన్నారు, స్నేహితులతో గొంతు పోయేలా పాడారు. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికాని చూసినవాళ్ళకైతే ఇంకా కష్టం, ఆ పాటలకి ఆ రాత్రి కూడా అంటుకుని ఉంటుంది. అదే గొప్ప ఆల్బమ్‌లో మీరు తరచూ దాటేసే ఆరో ఏడో పాటని తీసి, దాని పక్కన కొత్త ఆల్బమ్‌లోని మంచి పాట పెట్టండి. పాతది పేరు చూడకుండా గుర్తుపట్టలేకపోతే మీ కొలబద్దే ఎక్కువ పొడుగుంది.

45 నిమిషాలకి కోద్దామని కూర్చుంటే ఇరవై నిమిషాల సరుకే మిగిలిందా? అప్పుడు మొదట క్యాబ్‌లో అన్న మాటే ఖాయం. ఆ నాలుగు పాటలు మీ పాత ప్లేలిస్ట్‌లో కలిపేసుకోండి, పెద్ద డబ్బా బాక్స్ సెట్ ప్రీ ఆర్డర్ ఉంటే రద్దు చేసుకోండి.