తుపానుల కాలం రాకముందే: పాత ఇంటి శ్లాబుకు మరమ్మతా, మార్పా?

విశాఖలో పాత ఇంటి కప్పు సంగతి తేల్చుకోవలసింది వేసవిలోనే. జూన్‌లో వానలు మొదలయ్యాక తడి శ్లాబు మీద వేసిన పూత సరిగా పట్టదు, పట్టినట్టు కనిపించినా ఏడాది తిరిగేలోపు పొరలుగా లేస్తుంది. ఇక అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. భవన నిర్మాణ ప్రమాణాల్లో విశాఖకు లెక్కలోకి తీసుకొనే గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ‘ఈ ఒక్క ఏడాదీ నెట్టుకొద్దాం’ అనుకొనే ముందు ఈ అంకె గుర్తుంచుకోండి.

ముందుగా ఒక విషయం. శ్లాబు కారడం వేరు, శ్లాబు బలహీనపడటం వేరు. చుక్క నీరు కారకపోయినా లోపలి ఇనుప చువ్వలను తుప్పు తినేసిన ఇళ్లున్నాయి. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు, చెమ్మతో కలిసి కాంక్రీటులోకి ఇంకి చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తనను కప్పి ఉన్న కాంక్రీటును కిందికి నెడుతుంది. పెచ్చులు ఊడటానికి కారణం అదే. జాలారిపేట, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి తీరానికి దగ్గరి చోట్ల ఇది త్వరగా జరుగుతుంది. కట్టినప్పుడే ఉప్పు ఇసుక కలిపి ఉంటే, పైన ఎంత ఖరీదైన పూత వేసినా లోపలి ఉప్పు పోదు.

అందుకే ‘పైన ఇంకో కోటింగు వేసేద్దామండీ, పదేళ్లు చూసుకోనక్కరలేదు’ అనే మేస్త్రి మాటకు వెంటనే తల ఊపకండి. 5 సెంటీమీటర్ల సిమెంటు పొర చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు. జనం తిరిగే డాబాకు, శ్లాబు సొంత బరువు కాక, మనుషులూ సామానూ మోయడానికి సాధారణంగా లెక్కగట్టేది చదరపు మీటరుకు 150 కిలోలే. ఇప్పటికే చిక్కిపోయిన శ్లాబు నెత్తిన అందులో మూడింట రెండు వంతుల భారం శాశ్వతంగా పెడుతున్నామన్నమాట. పాత పొర తొలగించకుండా కొత్త పొర వేయనివ్వకండి. డాబా మీద రేకుల షెడ్డు వేయించడమూ ఇలాంటిదే. వాననీరు ఆగుతుంది, తుప్పు ఆగదు. పైగా బలం తగ్గిన పిట్టగోడకు బిగించిన షెడ్డును తుపాను గాలి గోడతో సహా లేపేయగలదు.

పరిశీలన కింది నుంచి మొదలుపెట్టండి. స్నానాల గది, వంటగది, నీళ్ల ట్యాంకు కింద ఉన్న గది, బాల్కనీ, సన్‌షేడ్లు ముందు చూడాలి. పిల్లల్ని బయటికి పంపి, పొడవాటి కర్రతో పక్కన నిలబడి తట్టండి, నేరుగా కింద నిలబడవద్దు. బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎలా పడితే అలా పాకిన మరక నీటి చెమ్మ కావచ్చు. సమాన దూరాల్లో గీత గీసినట్టు గోధుమరంగు చారలో పగుళ్లో కనిపిస్తే మాత్రం తుప్పు చువ్వల వెంట నడుస్తోందని అర్థం. ఫ్యాను కొక్కెం కూడా చూడండి. చాలామంది మరచిపోయేది దాన్నే.

బయటపడ్డ చువ్వను తీగల బ్రష్షుతో రుద్ది మందం కొలిపించండి. 10 మిల్లీమీటర్ల చువ్వ 8కి వస్తే పోయింది రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బరువును లాగిపట్టే ఇనుములో మూడో వంతుకు పైగా పోయినట్టే.

దెబ్బ ఒకటి రెండు చోట్లకే పరిమితమై, చువ్వలు గట్టిగా ఉండి, శ్లాబు కిందికి వంగకపోతే మరమ్మతు చాలు. అయితే ఊడిన పెచ్చు మీద సిమెంటు పులమడం మరమ్మతు కాదు. చువ్వ వెనక దాకా చెక్కి, తుప్పు పూర్తిగా తీసి, అవసరమైన చోట కొత్త చువ్వ కలిపి, ఆ తర్వాతే మరమ్మతు మిశ్రమం నింపాలి. చెక్కే ముందు గది ఖాళీ చేసి, శ్లాబును మోసేలా కింద జాకీలు పెట్టించండి. గోడ నుంచి గోడకు దారం కట్టి చూస్తే శ్లాబు మధ్యలో కుంగినట్టు తేలినా, గది గదికీ చువ్వలు బయటపడినా మార్చడం వైపే నా మొగ్గు. ఉప్పు పట్టిన కాంక్రీటులో ఒక అతుకు వేస్తే దాని అంచునే కొత్త తుప్పు మొదలవుతుంది. అప్పుడు ఏటేటా అతుకుల ఖర్చు తప్పదు.

చివరి మాట స్ట్రక్చరల్ ఇంజనీరుదే కావాలి, పని దక్కించుకోబోయే కాంట్రాక్టరుది కాదు. ఫినాఫ్తలీన్ అనే రసాయనం చుక్క వేసి, కాంక్రీటు గులాబీ రంగుకు మారితే చువ్వను తుప్పు నుంచి కాపాడే దాని క్షారగుణం నిలిచి ఉందని చెబుతారు. అది ఉప్పును పట్టివ్వదు, అందుకే ఉప్పు ఎంత చేరిందో తేల్చే క్లోరైడ్ పరీక్ష కూడా అడగండి. శ్లాబు మార్చేటట్టయితే గోడలూ పునాదీ కొత్త బరువు మోయగలవో లేదో అప్పుడే చూపించుకోవాలి.

వన్‌టౌన్ వైపు మిగిలిన పెంకుటిళ్లకు ఇంత బాధ లేదు. పెంకులు మార్చడం తేలిక. దూలాలూ వాసాలూ గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే చెదలో కుళ్లో ఉన్నట్టే. పాత సిమెంటు రేకులకు మాత్రం రంధ్రాలు వేయవద్దు, కోయవద్దు. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు హాని. నీళ్లతో తడిపి, పగలకుండా దింపించాలి. వాటి మీద నేరుగా కాలు మోపితే విరిగి కింద పడతారు, అడ్డుబద్దల మీదుగా పలక వేసుకోవాలి.

పని పూర్తికాకముందే తుపాను హెచ్చరిక వస్తే, సుద్ద గుర్తులున్న గదికి తాళం వేయండి. ఇంట్లో అన్ని గదులకూ గుర్తులుంటే పెద్దవాళ్లనూ పిల్లల్నీ తీసుకొని, గాలి మొదలుకాకముందే బంధువుల ఇంటికో పునరావాస కేంద్రానికో వెళ్లిపోండి.